వంకాయపువ్వు రంగు కుచ్చు

నేను పిరికిదాన్ని. గోడ మీద బల్లి కదిలితే మంచం ఎక్కే రకం. పరీక్షా ఫలితాలు వచ్చాయంటే ఫోను అమ్మ చేతికిచ్చి నువ్వే చూడు అని దుప్పటి కప్పుకుంటాను. అమ్మకు చదవడం రాదన్న సంగతి ఆ సమయానికి గుర్తుండదు. ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, మా వీధిలో వాళ్ళు నన్ను గుండె గల పిల్ల అనుకుంటున్నారు. ఆ రోజు ముత్యాలమ్మ కూతురు సుమలత పరుగెత్తి ఉండకపోతే కుమారస్వామి ప్రాణం పోయేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నేను పరుగెత్తిన మాట ఒక్కటే నిజం.

మాది ధర్మవరం. మా అమ్మ ఇంటింటికీ తిరిగి వార్పులు, అంటే మగ్గం మీద పరిచే నిలువు పోగులు, అతుకుతుంది. మగ్గం మీద పాత వార్పు అయిపోవచ్చినప్పుడు, దాని చివరి పోగులకు కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టడమే తప్ప ముడి వేయకూడదు. ముడి వేస్తే పోగులు దూరే అచ్చు పళ్ళలో ఇరుక్కుంటుంది. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి ఒక వార్పు అవుతుంది. మధ్యలో లేవకూడదని అమ్మ పట్టుదల. లేస్తే వరస తప్పుతుంది, ఒక్క పోగు పక్కదానితో కలిసినా ఆ తప్పు చీర పొడుగునా కనిపిస్తుంది. అందుకే చుట్టాలొచ్చినా, ఫోను మోగినా అమ్మ వేళ్ళు ఆగవు. నోరూ ఆగదు. నిన్నటి ఇంటి కబుర్లు ఈ ఇంట్లో చెబుతుంది, ఈ ఇంటివి రేపటి ఇంటికి మోసుకెళ్తుంది. మా నాలుగు వీధులకూ పేపరు, టీవీ అన్నీ మా అమ్మే.

నాయన చాలా ఏళ్ళ కిందటే మగ్గం దిగేసి, ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ క్యాంటీనులో పనికి వెళ్తున్నాడు. అమ్మ తమ్ముడు కుమారస్వామి మామ మూడిళ్ళ అవతల ఉంటాడు. గుంత మగ్గంలో కాళ్ళు దించి ముప్పై ఏళ్ళు నేసేసరికి మామ మోకాళ్ళు అరిగిపోయాయి. పిల్లలు లేరు. నన్ను 'లాయరమ్మా' అని పిలుస్తాడు, చిన్నప్పుడు ప్రతిదానికీ వాదించేదాన్నట. ఆ వాదన అంతా మామ దగ్గరే, బయట నోరు లేచేది కాదు.

పట్టుదారం, మా మాటలో రేషం, ఆ వ్యాపారమంతా కొన్నాళ్ళుగా హిందూపురంలో కూర్చున్న పదిమంది షావుకార్ల చేతిలోకి వెళ్ళిపోయింది. వాళ్ళు కలిసి ఒక మండలి పెట్టుకున్నారు. మొదట రేషం మా డిపోలోనే కొనాలన్నారు. తర్వాత రంగులు కూడా మా దగ్గరే వేయించుకోవాలన్నారు. ఆ తర్వాత, నేసిన ప్రతి చీర కొంగుకూ మండలి సీలు ఉండాలి, సీలు లేని చీరను ఏ అంగడీ తీసుకోదు, దాని ఖర్చు నేసినవాడిదే అన్నారు. పవర్‌లూమ్ చీరలను పట్టుచీరలుగా అమ్మే దొంగల నుంచి మిమ్మల్ని కాపాడడానికే ఇదంతా అని కరపత్రాలు పంచారు. కాపాడమని వాళ్ళను అడిగినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు.

ఆ సీలు వేసే మిషను మామ ఇంటికి వచ్చింది. పట్టకారు లాంటి ఇనుప దవడలు, పొడుగాటి పిడి. చీర కొంగు దారానికి చిన్న సీసం బిళ్ళ తగిలించి, దవడల మధ్య పెట్టి నొక్కితే బిళ్ళ మీద మండలి గుర్తు పడుతుంది. కూర్చుని చేసే పని అని మామ ఒప్పుకున్నాడు. మోకాళ్ళ కోసం ఒప్పుకున్నాడు, అంతకు మించి అందులో ఏమీ లేదు. కానీ షావుకార్లను మా వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చూసేది మామనే.

సీలు రేటు రెండోసారి పెంచిన వారంలోనే నాకు డిగ్రీ పరీక్షలు. అమ్మ ఆ రోజు మా వీధి ముసలి నేతగాడు చిన్నస్వామి తాత ఇంట్లో వార్పు అతుకుతోంది. వాళ్ళింట్లో చల్లగా ఉంటుందని నేనూ పుస్తకం పట్టుకుని వెళ్ళాను. తాతది ఎప్పుడూ ఒకటే రంగు, వంకాయపువ్వు రంగు. హిందూపురంలో ఒక ముసలాయన ఆయన కోసమే ఆ రంగు వేసి ఇస్తాడు. ఆ రంగు నేసే మగ్గం ధర్మవరంలో ఇంకొకటి లేదు. వీధిలో అందరూ 'తాత రంగు' అనే అంటారు.

"ఏం చదువుతాండావు పాపా? గట్టిగా చదువు, మేమూ వింటాం" అన్నాడు తాత.

చరిత్ర పాఠం. సముద్రం అవతల ఒక దేశం ఉండేదనీ, దాన్ని ఇంగ్లండు రాజు ఏలేవాడనీ, సరుకు మా ఓడల్లోనే రావాలి మాకే అమ్మాలి అని చట్టాలు చేశాడనీ చెప్పాను. యుద్ధం ఖర్చులకని కాగితం మీద కూడా పన్ను వేశారు, స్టాంపు లేని కాగితం చెల్లదన్నారు అని చదివాను.

"కాగితానికి సీలా? మనకు చీరకు సీలు" తాత నవ్వాడు. "వాళ్ళను అడిగి పెట్టినారా ఆ పన్ను?"

"అడగలేదు తాతా. వాళ్ళ తరఫున ఆ సభలో మాట్లాడే మనిషి కూడా లేడు. అదే వాళ్ళ బాధ. పన్ను ఎక్కువని కాదు."

"పన్ను ఎక్కువని కూడా ఉంటాదిలే" అన్నాడు తాత.

అమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "మరేం చేసినారు వాళ్ళు?"

"రాజు సరుకు కొనడం మానేసినారు. ఊరూరూ ఒక మాట మీద నిలబడినారు. ఒక ఊరి సంగతి ఇంకో ఊరికి గుర్రాల మీద పోయి చెప్పినారు."

"చివరికి?"

"గెలిచినారు. రాజును తరిమేసినారు."

మధ్యలో ఇంకో పేజీ ఉంది. ఆ స్టాంపు కాగితాలు పంచడానికి ఒప్పుకున్న మనుషుల గురించి. వాళ్ళూ ఆ ఊళ్ళవాళ్ళే. వాళ్ళ ఇళ్ళ మీదికి జనం ఎలా వెళ్ళారో, తలుపులు ఎలా పగలగొట్టారో ఆ పేజీలో ఉంది. అది రెండు మార్కుల ప్రశ్న కింద కూడా రాదని తిప్పేశాను.

నేను చదివిన సగం పాఠం అమ్మ నోట పడి బయలుదేరింది. గుర్రం అవసరం లేకపోయింది. ఈ రోజు ఒక మగ్గం దగ్గర, రేపు ఇంకో మగ్గం దగ్గర, వేళ్ళు మెలిపెడుతూ అమ్మ చెప్పుకుపోయింది. "యాడనో సముద్రం ఆవలోళ్ళే చేసినారంట. మనకేం తక్కువ? శ్రావణం వస్తాండాది. పెండ్లిండ్లకు చీరలు కావల్సింది వాళ్ళకు. సీలు వేయించకుండా చీరలన్నీ ఇండ్లల్లోనే పెట్టుకుంటే ఎవురు దిగొస్తారో చూద్దాం." రెండు వారాలు తిరిగేసరికి అది అమ్మ మాట కాకుండా అందరి మాట అయింది.

గుర్తు కూడా అమ్మదే. వార్పు అతికాక మొదటి చీర కోసేటప్పుడు, ఆ మెలిక ఉన్న జానెడు పోగులు నేతకు పనికిరావు. వాటిని కోసి కుచ్చులాగా అతికినవాళ్ళకే ఇచ్చేయడం మా వైపు ఆచారం. మా ఇంట్లో ఒక బుట్టనిండా రంగురంగుల కుచ్చులుంటాయి. మాట మీద నిలబడిన ఇంటి వాకిలికి అమ్మ ఒక కుచ్చు కట్టించింది. నెల తిరక్కముందే మా వీధి పెళ్ళివారి వీధిలాగా అయింది. ఎర్రది, పచ్చది, పసుపుది, ప్రతి తలుపుకూ ఒకటి.

ఒక్క తలుపుకు లేదు.

అమ్మ ఆ సంగతి చివర్లో ఆలోచించింది. తమ్ముడే కదా, ఒక్క మాట చెబితే మిషను తీసుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టేస్తాడనుకుంది. నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి వెళ్ళింది.

"సంతకం పెట్టినా అక్కా" అన్నాడు మామ. "సంవత్సరం నిండకుండా వదిలితే కోర్టుకు లాగుతామన్నారు. ఈ మోకాళ్ళతో కోర్టు మెట్లెక్కాల్నా నేను? నేనెవురినీ పిలవడం లేదు. వచ్చినోళ్ళకు వేస్తాండా. రాకపోతే కూర్చుంటా."

"వస్తాండారా ఎవురన్నా?"

మామ సీసం బిళ్ళల డబ్బాకు మూత పెట్టాడు. వస్తున్నారు. తెల్లవారుజామున వెనక వాకిలి నుంచి కొందరు వస్తున్నారని వీధిలో గుసగుసలున్నాయి. "ఎవురో చెప్పురా, నేను మాట్లాడుకుంటా" అంది అమ్మ.

"అది నన్నడగొద్దు. నమ్మి వచ్చినోళ్ళ పేర్లు నేను చెప్పను."

అమ్మ కోపంగా లేచి వచ్చేసింది. ఆ రాత్రే నేను తిప్పేసిన పేజీని మళ్ళీ తీసి చదివాను. చదివాక అన్నం సయించలేదు. అమ్మకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. తన మాట ఇన్ని ఇళ్ళల్లో నిలబడిందని అమ్మ మొహం వెలిగిపోతూ ఉంది. చెప్పలేకపోయాను.

ఆ తర్వాత పెనుకొండలో ఆ పని జరిగింది.

చిన్నస్వామి తాత రంగు వేయించిన వార్పు మూట తీసుకుని హిందూపురం నుంచి బస్సులో వస్తున్నాడు. డిపోలో కొనలేదు, మండలి రూలు ప్రకారం అది తప్పు. పెనుకొండలో మండలి మనుషులు నలుగురు బస్సెక్కి మూటలు తడిమి చూశారు. తాత మూట పట్టుకుని వదల్లేదట. మూటతో పాటు ఆయన్నీ కిందికి లాగారు. వానకు నానిన మట్టిలో పడ్డాడు. వంకాయపువ్వు రంగు వార్పు జీపులో వేసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. తాత మోచేతికి కట్టు కట్టించుకుని, ఒంటినిండా బురదతో, వట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. వచ్చి ఖాళీ మగ్గం ముందు కూర్చుని ఏడ్చాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడవడం నేను మొదటిసారి చూశాను.

అంతవరకూ మా వాళ్ళది అలక. ఆ సాయంత్రం నుంచి అది వేరేది అయింది. మారుతి అని తాత మగ్గం మీద కూలికి నేసే అతను ఉన్నాడు. మంచివాడు, కష్టంలో ముందుంటాడు. తాతను సొంత తాతలాగా చూసుకునేవాడు. అతను వీధి మధ్యలో నిలబడి అరిచాడు. "ఇంగ మాటలు చాలు. మన రక్తం తాగేటోళ్ళు హిందూపురంలో ఉండారు, వాళ్ళ చెయ్యి మాత్రం ఈడ మన మధ్యనే ఉండాది!"

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి.

మర్నాడు మామ తలుపు మీద ఎవరో బొగ్గుతో పట్టకారు దవడలు గీశారు. పాలు పోసే బాలమ్మ ఆ గడప తొక్కడం మానేసింది. అంగట్లో మామకు వక్కాకు ఇవ్వలేదు. రెండు రోజులకు కిటికీ అద్దం పగిలింది. మామ తన భార్యను, మా అత్తను, ముదిగుబ్బలో ఆమె పుట్టింటికి బస్సెక్కించాడు. ఆమె వెళ్తూ వెళ్తూ అమ్మను పట్టుకుని, "ఈ వీధంతా నువ్వు చెప్పిన మాట వింటాది గదా వదినా, ఈ ఒక్కటి ఆపు" అని బతిమాలింది. అమ్మ ప్రయత్నించింది. ఒక ఇంట్లో వార్పు అతుకుతూ, "కుమారస్వామి ఏం చేసినాడప్పా, కూలోడే గదా వాడూ" అంది. ఆ ఇంటాయన మర్యాదగానే చెప్పాడట, "నీ పని నువ్వు చూసుకో ముత్యాలమ్మా" అని. మొదలుపెట్టింది తనైనా ఆపడం తన చేతిలో లేదని ఆ రోజు అమ్మకు అర్థమైంది. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

గురువారం సాయంత్రం మారుతి వాళ్ళు మా అరుగు పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. "రేపు కుచ్చు లేని ఇంటి ముందర నిలబడతాం. మిషను బయటికి తెస్తే సరి, లేకుంటే మనమే తెద్దాం."

రాత్రంతా ఆ మాటే తిరిగింది నా తలలో. కుచ్చు లేని ఇల్లు. తెల్లారేసరికి నాకు గొప్ప ఆలోచన వచ్చింది. కుచ్చు ఉంటే? మామ కూడా ఒప్పుకున్నాడని నవ్వుకుంటూ వెళ్ళిపోతారు కదా. మామ ఎలాగూ నోటితో చెప్పలేడు, తలుపే చెబుతుంది. అమ్మ బుట్టలో చెయ్యి పెట్టి అన్నిటికంటే ఒత్తుగా, అందంగా ఉన్నదాన్ని తీసుకున్నాను. వీధిలో జనం లేచేలోపే వెళ్ళి మామ తలుపు గొళ్ళేనికి కట్టి వచ్చాను. నా జీవితంలో నేను చేసిన మొదటి ధైర్యమైన పని అదేననుకుని ఇంటికొచ్చి రెండు దోసెలు ఎక్కువ తిన్నాను. మగ్గం ఇంట పుట్టాను గానీ చదువు పేరుతో మగ్గం జోలికి పోనిదాన్ని. నేను తీసుకున్నది వంకాయపువ్వు రంగు. అది అందంగా ఉందని మాత్రమే చూశాను.

పదకొండు గంటలప్పుడు మగ్గాల చప్పుడు ఆగిపోయింది. మా వీధిలో ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచీ వింటూ ఉన్నాం, అది ఆగితే చెవులు గుయ్యిమంటాయి. బయటికి వచ్చి చూశాను. ఇళ్ళల్లోంచి మగవాళ్ళు ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. ఎవరూ అరవడం లేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. నేను మామ ఇంటి ఎదురు అరుగు మీదికి చేరి స్తంభం పక్కన నిలబడ్డాను. అమ్మ అప్పటికే వెనక వీధిలో వార్పు ముందు కూర్చుని ఉంది.

మారుతి తలుపు దగ్గరికి వెళ్ళి కుచ్చును చూసి నిజంగానే నవ్వాడు. "ఏమప్పా కుమారస్వామీ, దారికొచ్చినావా?" నా గుండె కుదుటపడింది. మామ తలుపు తీసి బయటికి వచ్చాడు. మారుతి ఆ కుచ్చును గొళ్ళెం నుంచి జారదీసి చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళతో అలా విడదీశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది తాత రంగు" అన్నాడు.

గుంపులో ఎవరో ముందుకు తోసుకొచ్చారు. "పెనుకొండలో ఎత్తకపోయిన వార్పు!" "ఈ దొంగ నాకొడుక్కి వాటా ఇచ్చినారు!" "తాతను బురదలో పడేసి తెచ్చింది వాకిలికి కట్టుకుంటాడా!"

నాకు అప్పుడు అర్థమైంది.

"ఎవురిచ్చినారు ఇది? చెప్పు" మారుతి మామ చొక్కా పట్టుకున్నాడు.

మామ కుచ్చును చూశాడు. అది కట్టిన ముడిని చూశాడు. తల ఎత్తి గుంపు మీదుగా చూశాడు. ఆ చూపు నా దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏమీ చూడనట్టే పక్కకు వెళ్ళిపోయింది.

"నాకు తెలీదప్పా" అన్నాడు.

నేనే కట్టాను. రెండు ముక్కలు. నోరు తెరిచాను. ఆ మాట అనకుండానే స్తంభం వెనక్కి జరిగాను. మారుతి ఇంకోసారి అడిగాడు, మామ ఇంకోసారి తెలీదన్నాడు. ఎవరో లోపలికి దూరి మిషను తెచ్చి గడప మీద పెట్టారు. "మా చీరలన్నిటికీ వేసినావు గదా. నీకూ వేస్తాం పట్టు." ఇద్దరు మామ చెయ్యి గుంజి పట్టుకున్నారు. ఆ ఇనుప దవడలు తెరుచుకోవడం చూశాను. అంతే. అరుగు దిగి పరుగెత్తాను. సాయం కోసం పరుగెత్తలేదు. అది చూడలేక పరుగెత్తాను. వెనక మామ కేక వినిపించకుండా రెండు చెవులూ మూసుకుని పరుగెత్తాను.

కాళ్ళు అలవాటుగా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాయి. అమ్మ నా మొహం చూసింది. చేతిలో పోగులు వదిలేసి, సగం అతికిన వార్పు మధ్యలో నుంచి లేచింది. అమ్మ అలా లేవడం నేను పుట్టాక అదే మొదటిసారి.

"మామ... తాత రంగు కుచ్చు..." అంతే చెప్పగలిగాను. అమ్మ దారిలో చిన్నస్వామి తాత ఇంట్లోకి దూసుకెళ్ళి, మంచంలో ఉన్న మనిషిని రెక్క పట్టుకుని లేపింది.

మేము వెళ్ళేసరికి మామ గడప మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. బొటనవేలు ఉన్నచోట రక్తం తప్ప నాకేమీ కనబడలేదు. మామ ఏడవడం లేదు, పెదవులు తెల్లగా ఉన్నాయి. గుంపు ఇంకా చాలలేదన్నట్టు నిలబడి ఉంది. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది.

"ఆగండిరా" అన్నాడు తాత. "ఇట్లియ్యి దాన్ని."

ఆయన చూపు సరిగా ఆనదు. కుచ్చును రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ మొదలు నుంచి ఈ చివరికి వేళ్ళతో తడిమాడు. మధ్యలో వేళ్ళు ఆగాయి. మళ్ళీ తడిమాడు.

"ఇది పోయిన వార్పు కాదురా. కొత్త వార్పుకు మెలి యాడ ఉంటాది? ఇదో, నడిమధ్యన ఉండాది మెలి. పోయిన నెల నా మగ్గం మీద కోసిన కుచ్చు ఇది. నేనే కోసిచ్చినా. ముత్యాలమ్మ చెయ్యి ఇది. పట్టుకోని చూడండి."

చూశారు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఆ కుచ్చు వెళ్ళింది. అక్కడున్న ప్రతివాడి మగ్గం మీదా అమ్మ మెలే ఉంది, కళ్ళు మూసుకున్నా గుర్తుపడతారు. కిరసనాయిలు డబ్బా ఎవరో మెల్లగా గోడ వెనక్కి జరిపారు. చివరికి అది మారుతి చేతికి వచ్చింది. అతను వేళ్ళతో తడిమి, కాలినట్టుగా వదిలేశాడు.

"నా బుట్టలోదే" అంది అమ్మ. "నేనే కట్టినా. నా తమ్ముని వాకిలికి నేను కట్టుకోగూడదా?"

అని వంగి, కింద పడ్డ కుచ్చును ఎత్తుకుంది. ముడి చూసింది. నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. అమ్మ ఆ ముడిని విప్పి, కుచ్చును చెంగులో దాచేసుకుంది.

ఆటో తెచ్చింది మారుతే. మామను చిన్నపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తి కూర్చోబెట్టింది కూడా అతనే. ఆస్పత్రి వరాండాలో తలను గోడకేసి కొట్టుకుంటుంటే తాత పట్టుకున్నాడు.

పన్నెండు రోజులకు మండలి దిగొచ్చింది. శ్రావణం ముంచుకొచ్చింది, చీరలు లేవు, బెంగళూరు అంగళ్ళు ఒత్తిడి పెట్టాయి. సీలు తీసేశామని, రేషం ఎక్కడైనా కొనుక్కోవచ్చని కబురొచ్చింది. మా వీధిలో టపాసులు కాల్చారు. చక్కెర పంచారు. మాకూ ఇచ్చారు. అమ్మ తీసుకుని కళ్ళకద్దుకుని కిటికీలో పెట్టింది. చీమలు పట్టేదాకా అది అక్కడే ఉంది. అందరూ గెలిచారు, అందులో అబద్ధం లేదు. మా మగ్గాలు ఈ రోజు సుఖంగా ఆడుతున్నాయంటే ఆ నిలబడడం వల్లనే. కానీ ఇప్పటికీ పొద్దున పదకొండు గంటలకు కరెంటు పోయి పక్క వీధిలో నాలుగు పవర్‌మగ్గాలు ఒక్కసారి ఆగినా నేను లేచి తలుపు గడియ వేస్తాను. ఎదురింటాయన నన్ను చూసి చల్లగా నవ్వినా, ఆ రోజు ఆ చెయ్యి గుంజి పట్టుకున్న ఇద్దరిలో ఈయన ఉన్నాడా అని చూస్తాను. అమ్మ వార్పులు అతకడం మానలేదు. కబుర్లు మాత్రం మానేసింది.

మామ బొటనవేలు దక్కింది గానీ వంగదు. నాయన మాట్లాడి ఎర్రమంచి క్యాంటీనులో టోకెన్లు ఇచ్చే పని ఇప్పించాడు. కూర్చునే పనే. అత్త ముదిగుబ్బ నుంచి తిరిగి వచ్చింది. పనిలో చేరే రోజు పొద్దున నేను మామ ఇంటికి వెళ్ళాను. చెప్పాలని వెళ్ళాను. ఎన్నో రోజులు కూడగట్టుకుంటే ఆ ఒక్క మాట వచ్చింది.

"మామా, ఆ కుచ్చు కట్టింది అమ్మ కాదు."

"తెలుసులేవే" అన్నాడు. "మీ అమ్మ జన్మలో ముడి వేసిందా? అది బూటు లేసు ముడి. నువ్వు ఒకటో క్లాసులో చేరినప్పుడు ఈ గడప మీద కూర్చోబెట్టి నేర్పించింది ఎవురనుకున్నావు?"

మామ చేత్తో ఆ గడప చూపించాడు.

"ఆ పొద్దున లేస్తానే చూసినా. రంగు కూడా చూసినా."

"చూసి కూడా... విప్పెయ్యకపోయినావా మామా?"

మామ కిటికీ వైపు చూశాడు. పగిలిన అద్దం స్థానంలో అట్ట ఉంది. "ఎట్ల విప్పేదే? వారం దినాలు ఒక్కరు పలకరించలేదు నన్ను. నా వాకిలికి కూడా కట్టినోళ్ళు ఒకరుండారు గదా అనుకున్నా. మధ్యాహ్నం దాకా ఉండనీలే అనుకున్నా."

"వాళ్ళు అడిగినప్పుడన్నా నా పేరు చెప్పుంటే..."

"చెప్తే నీ మీదికి వస్తారు" అన్నాడు. "నీకసలే భయం ఎక్కువ."

క్యాంటీనులో నల్లబూట్లు వేసుకోవాలట. మామ ఎడమ చేత్తో లేసు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాడు. కుడి బొటనవేలు సాయానికి రాలేదు. సిగ్గుపడుతూ కాలు ముందుకు చాపాడు. నేను గడప మీద కూర్చుని, నాకు వచ్చిన ఆ ఒక్క ముడి వేశాను. అప్పటి నుంచి రోజూ పొద్దున ఆరున్నరకు వెళ్ళి వేసి వస్తున్నాను.